అదురుకు ఒక లెక్క ఉంటుంది

ప్లాంటులో పెద్ద ఫ్యాను ఒకటి అదరడం మొదలుపెట్టిందనుకోండి. మీరేం చేస్తారు? దాన్ని విప్పి మూలన పడేసి కొత్తదానికి ఇండెంటు పెట్టరు. బేరింగ్ హౌసింగ్ మీద ప్రోబ్ ఆనించి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, షాఫ్టు వెంబడి ఒకసారి రీడింగు తీస్తారు. పోయిన నెల రీడింగుతో పోల్చి చూస్తారు. స్పెక్ట్రమ్‌లో ఏ అంకె దగ్గర గీత పైకి లేచిందో వెతుకుతారు. మోటారు నిమిషానికి 1,480 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు పాతిక దగ్గర గీత లేస్తే బ్యాలెన్స్ పోయిందని అనుమానిస్తారు. దానికి రెట్టింపు దగ్గర లేస్తే అలైన్‌మెంటు చూస్తారు. వరసగా రెట్లన్నిటి దగ్గరా లేస్తే ఎక్కడో ఏదో వదులైందని బోల్టులు తడుముతారు. మెయింటెనెన్స్‌లో చేరిన కొత్తల్లోనే నేర్పే విద్య ఇది.

ఉదాహరణకు, బస్తర్‌లో 2023 అక్టోబరు 3న జాతికి అంకితమైన నగర్‌నార్ స్టీల్ ప్లాంటు సామర్థ్యం ఏటా 30 లక్షల టన్నులు. అంత ఉక్కు తయారయ్యే చోట ఫ్యాన్లు, బ్లోయర్లు, పంపులు, గేర్‌బాక్సులు ఎన్ని ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. దాన్ని కట్టిన ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది కనుక, అక్కడ డ్యూటీ చేస్తూ సెలవు రోజున రేడియో కంట్రోల్ హెలికాప్టర్ ఎగరేసుకునే తెలుగు పాఠకుడు ఒకరైనా ఉంటారనే ఆశతో ఈ అధ్యాయం రాస్తున్నాను. ఆ పాఠకుడికి నా ప్రశ్న ఒకటే. టన్నుల బరువున్న యంత్రం ముందు అంత నిబ్బరంగా ఆలోచించే మనిషి, ముప్పావు కిలో హెలికాప్టర్ తోక వణికేసరికి ఎందుకు కంగారు పడతాడు? ముందు స్పిండిల్ మారుస్తాడు. తగ్గలేదు. బ్లేడ్లు మారుస్తాడు. కాస్త తగ్గినట్టే ఉంటుంది, మర్నాడు మళ్లీ మామూలే. జైరో గెయిన్ తగ్గిస్తాడు. చివరికి జైరో కింద మెత్తటి టేపు రెండు పొరలు అంటించి, ఇక దేవుడి మీద భారం వేస్తాడు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే: అదురును ఆపబోయే ముందు దాన్ని లెక్కపెట్టండి. హెలికాప్టర్‌లో తిరిగే ప్రతి భాగానికీ దానిదైన వేగం ఉంటుంది. చెడిపోయిన భాగం తన వేగంతోనే అదురుతుంది కానీ పక్కదాని వేగంతో అదరదు. అందుకే అదురు అంకె తెలిస్తే ఏ షాఫ్టు దగ్గర వెతకాలో తెలుస్తుంది. అది తెలియకుండా పార్టులు మారుస్తూ పోవడం వైద్యం కాదు, లాటరీ.

లెక్క ఎంత సులువో చూడండి. 450 సైజు మోడళ్లలో మామూలుగా కనిపించే అమరిక తీసుకుందాం: మెయిన్ గేరుకు 150 పళ్లు, మోటారు పినియన్‌కు 13. హెడ్ స్పీడ్ నిమిషానికి 2,400 అనుకుంటే మెయిన్ రోటర్ సెకనుకు 40 చుట్లు తిరుగుతుంది. తోక రోటర్ అంతకు నాలుగైదు రెట్ల వేగంతో తిరుగుతుంది. మీ మోడల్‌లో అది నాలుగున్నర రెట్లయితే సెకనుకు 180 చుట్లన్నమాట. మోటారు వేగం రావాలంటే 150ని 13తో భాగించి 40తో హెచ్చించండి, సుమారు 460 వస్తుంది. గేరు పళ్లు ఒకదానితో ఒకటి కలిసే చప్పుడు 150ని 40తో హెచ్చిస్తే వస్తుంది, అంటే 6,000. ఈల వేసినట్టు వినిపించే రొద అదే. 40, 180, 460, 6,000. ఈ నాలుగు అంకెలూ ఒక చీటీ మీద రాసి టూల్‌బాక్సు మూతకు లోపలివైపు అంటించండి. ఇవి నేను ఉదాహరణకు చెప్పినవి. మీ మాన్యువల్‌లో గేరు రేషియో చూసి మీ అంకెలు మీరు కట్టుకోండి.

అంకె షాఫ్టును చూపిస్తే, దిక్కు జబ్బును చూపిస్తుంది. మెయిన్ రోటర్ వల్ల వచ్చే అదుర్లు రెండు రకాలుగా ఉండవచ్చు, రెండూ సెకనుకు 40 దగ్గరే కనిపిస్తాయి. ఒక బ్లేడు బరువుగా ఉంటే హెలికాప్టర్ అడ్డంగా ఊగుతుంది, స్కిడ్లు పక్కలకు వణుకుతాయి. రెండు బ్లేడ్లు ఒకే ఎత్తున తిరగకపోతే, అంటే ట్రాక్ తప్పితే, పైకీ కిందకీ కుదుపు వస్తుంది. మొదటిదానికి మందు తక్కెడ, రెండోదానికి లింకు పొడవు. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. ట్రాక్ తప్పినదానికి బ్లేడు మీద టేపు అంటిస్తారు, బరువు తేడా ఉన్నదానికి లింకు తిప్పుతారు. రెండూ చేశాక హెలికాప్టర్ మునుపటికంటే ఘోరంగా ఊగుతుంది, నింద మాత్రం కంపెనీ మీద పడుతుంది. ప్లాంటులో మూడు దిక్కుల్లో రీడింగు తీసేది ఎందుకో గుర్తు చేసుకోండి.

"చిన్న బొమ్మ హెలికాప్టర్‌కు ఇంత లెక్క అవసరమా?" అనే అభ్యంతరం మీకు ఈపాటికి వచ్చే ఉంటుంది. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కూడా లెక్కలోనే ఉంది. షాఫ్టు నుంచి 35 సెంటీమీటర్ల దూరంలో, బ్లేడు కొస దగ్గర, గ్రాములో పదో వంతు బరువు ఎక్కువగా ఉందనుకోండి. అంటే చిన్న టేపు ముక్క. సెకనుకు 40 చుట్ల వేగం దగ్గర ఆ ముక్క హెలికాప్టర్‌ను పక్కకు లాగే బలం రెండు వందల గ్రాముల బరువు దాటుతుంది. ముప్పావు కిలో మోడల్‌ను రెండు వందల గ్రాముల బరువు సెకనుకు నలభై సార్లు దిక్కు మార్చి లాగుతుంటే లోపల బేరింగులు, సోల్డరు అతుకులు, జైరో పడే అవస్థ ఊహించండి. పైగా వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలవుతుంది. యంత్రం చిన్నదైన కొద్దీ వేగం పెరుగుతుంది కనుక జాగ్రత్త కూడా పెరగాలి. పెద్ద హెలికాప్టర్ల ప్రపంచం ఈ పాఠాన్ని ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. 1986 నవంబరు 6న షెట్లాండ్ దీవుల దగ్గర చినూక్ హెలికాప్టర్ ఒకటి ముందు గేర్‌బాక్సులోని గేరు విరిగి సముద్రంలో పడింది, 45 మంది చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాతి ఏళ్లలోనే, గాలిలో ఉండగా గేర్‌బాక్సుల అదురును నిరంతరం కొలిచి రికార్డు చేసే వ్యవస్థలు ఉత్తర సముద్రం మీది హెలికాప్టర్లలో చోటు చేసుకున్నాయి.

రెండో అభ్యంతరం: "నా దగ్గర వైబ్రేషన్ మీటర్ లేదు." జేబులో ఫోను ఉంది కదా? జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉచితంగా ఇస్తున్న ఫైఫాక్స్ యాప్‌లో కుదుపును కొలిచే సౌకర్యమూ, ధ్వనిని అంకెలుగా విడగొట్టే సౌకర్యమూ రెండూ ఉన్నాయి. బ్లేడ్లు తీసేసిన హెలికాప్టర్‌ను ప్లైవుడ్ ముక్క మీద పెట్టి, స్కిడ్లను గట్టిగా కట్టి, అదే ముక్క మీద ఫోను కూడా బిగించి తిప్పి చూడండి. అయితే ఒక మోసం ఉంది, జాగ్రత్త. ఫోను తన కుదుపును సెకనుకు వంద నుంచి నాలుగు వందల సార్లు మాత్రమే కొలుస్తుంది. అందులో సగం అంకె వరకే అది చెప్పేది నమ్మవచ్చు. సెకనుకు 200 సార్లు కొలిచే ఫోనులో 180 దగ్గరి తోక అదురు 20 దగ్గర ఉన్నట్టు కనిపించవచ్చు. మీ హెలికాప్టర్‌లో 20 చుట్లు తిరిగే భాగమే లేదు. లేని దయ్యాన్ని వెతుకుతూ మీరు రాత్రంతా స్క్రూలు విప్పుతారు. అందుకే మెయిన్ రోటర్‌కు ఫోను కుదుపు మీటర్‌ను, తోకకూ మోటారుకూ ఫోను మైకును వాడండి. మైకు సెకనుకు 40 వేలకు పైగా కొలతలు తీస్తుంది, దానికి 460 ఒక లెక్క కాదు. మీ ఫ్లైబార్‌లెస్ జైరో వీబార్, స్పిరిట్ లాంటిదైతే అదురును విశ్లేషించే సౌకర్యం అందులోనే ఉంటుంది. డబ్బు పోసి కొన్న యూనిట్‌లో ఆ మెనూను ఒక్కసారైనా తెరిచారా?

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ప్లాంటు ఫ్యానుకు గట్టి కాంక్రీటు పునాది ఉంటుంది, దాని స్పెక్ట్రమ్ గీతలు శుభ్రంగా కనిపిస్తాయి. అరచేతి వెడల్పు ఫ్రేములో అన్ని భాగాలూ ఒకదాన్నొకటి కుదుపుతాయి, గవర్నర్ లేకపోతే వేగం నిలకడగా ఉండదు, గీతలు అలుక్కుపోతాయి. అంకె ఒక్కదాన్నే నమ్మితే తప్పటడుగు పడవచ్చు. కాబట్టి అంకెతో అనుమానం పెట్టుకోండి, ఒక్కొక్క భాగాన్నీ తీసేస్తూ ఆ అనుమానాన్ని రుజువు చేయండి. వరస ఇలా ఉండాలి.

1. ముందు మెయిన్ బ్లేడ్లు తీయండి, వాటి బోల్టులు కూడా గ్రిప్పుల్లోంచి తీసి పక్కన పెట్టండి. బోల్టు మరిచిపోతే అది తూటాలా ఎగురుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని, దూరం నుంచి, మామూలు హెడ్ స్పీడ్‌కు మించకుండా తిప్పండి. అదురు పోయిందా? తప్పు బ్లేడ్లలోనో, వాటి బిగింపులోనో, ట్రాక్‌లోనో ఉంది. స్పిండిల్ కాస్త వంగినా ట్రాక్ తప్పినట్టే కనిపిస్తుంది కనుక దాన్ని మాత్రం ఇంకా నిర్దోషిగా వదలకండి.

2. అదురు ఉండిపోతే తోక బ్లేడ్లు తీసి మళ్లీ తిప్పండి.

3. ఇంకా ఉంటే రోటర్ హెడ్ విప్పి షాఫ్టు ఒక్కదాన్నే తిప్పి చూడండి. ఇప్పుడు పోతే స్పిండిల్, డ్యాంపర్లు, గ్రిప్పు బేరింగులు అనుమానితులు.

4. తర్వాత తోకకు వెళ్లే బెల్టునో టార్క్ ట్యూబునో విడదీయండి.

5. చివరికి పినియన్‌ను మెయిన్ గేరు నుంచి ఎడంగా జరిపి మోటారును ఒంటరిగా, తక్కువ వేగంతో, కొద్ది సెకన్లు తిప్పండి. ఇప్పటికీ గరగరలాడుతుంటే మోటారు బేరింగులు పోయినట్టే. నగర్‌నార్ లాంటి చోట ఇంకో సంగతి చూడాలి. ఉక్కు పని జరిగే నేల మీద ఇనుప రజను ఉంటుంది, మోటారు లోపల బలమైన అయస్కాంతాలు ఉంటాయి. మిగతాది మీకు తెలుసు. మోటారు బెల్ సందులోకి టార్చి వేసి చూడండి, మీసంలా అతుక్కున్న రజను కనిపిస్తే టేపు జిగురు వైపుతో అద్ది తీయండి. గాలి కొట్టి ఊదితే అది ఇంకా లోపలికి పోతుంది.

ప్రతి మెట్టు దగ్గరా ఒక్క మార్పే చేయాలి. ఇది చెప్పినంత సులువు కాదు, ఎందుకంటే విప్పి ఉంది కదా అని పక్కనున్న బేరింగ్ కూడా మార్చేయాలని చెయ్యి దురద పెడుతుంది. మార్చారనుకోండి. అదురు పోతే రెండింటిలో ఏది దొంగో తెలియదు. పోకపోతే రెండూ మంచివేనా, కొత్త బేరింగ్ బిగింపులోనే తేడా వచ్చిందా అన్నది కూడా తెలియదు. "పార్టులు చవకే కదా, అన్నీ మార్చేస్తే పోలా?" అనేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు హాబీ షాపుకు బండి మీద వెళ్లి వస్తారు. నగర్‌నార్‌లో ఉన్న మీకు రెండు మిల్లీమీటర్ల బేరింగ్ కూడా కొరియరులోనే రావాలి. విశాఖ నుంచి రావాలన్నా కనుమలు దాటి రావాలి. తప్పు పార్టు ఆర్డరు చేస్తే పోయేది దాని ధర కాదు, వచ్చే ఆదివారం. పైగా కొత్తది కాబట్టి మంచిదని ఎవరు చెప్పారు? కొత్త స్పిండిల్ ప్యాకెట్‌లోనే వంగి రావచ్చు. జతగా అమ్మే బ్లేడ్ల మధ్య కూడా బరువు తేడా ఉండవచ్చు. కొత్త పార్టును కూడా అనుమానితుల వరసలోనే నిలబెట్టండి.

దగ్గరగా పరిశీలించాల్సినవి కొన్ని ఉన్నాయి. స్పిండిల్ నిటారుగా ఉందో లేదో కంటికి తెలియదు. మందపాటి అద్దం ముక్క మీద పెట్టి వేలితో మెల్లగా దొర్లించి, వెనక నుంచి లైటు వేసి, స్పిండిల్‌కూ అద్దానికీ మధ్య వెలుగు గీత ఒక చుట్టులో సన్నబడి లావెక్కుతుందేమో చూడండి. వెంట్రుకంత తేడా కనిపించినా దాన్ని సుత్తితో సరిచేయబోకండి, పారేయండి. గ్రిప్పు లోపల థ్రస్ట్ బేరింగ్‌కు రెండు వాషర్లు ఉంటాయి. చూడ్డానికి కవలల్లా ఉంటాయి కానీ ఒకదాని రంధ్రం కాస్త పెద్దది. పెద్ద రంధ్రం ఉన్నది హబ్ వైపు, చిన్నది బయట బోల్టు వైపు రావాలి. తారుమారైతే గ్రిప్పు స్వేచ్ఛగా తిరగదు, ఎంత బ్యాలెన్స్ చేసినా అదురు పోదు. వాటిని వేర్వేరుగా స్పిండిల్ మీద తొడిగి చూస్తే ఏది బిగుతో ఏది వదులో వేలికే తెలుస్తుంది. ఇక బ్లేడు బోల్టులు. హెలికాప్టర్‌ను పక్కకు వాల్చి పట్టుకుంటే బ్లేడ్లు తమ బరువుకు తాము వేలాడకూడదు, చిన్నగా కుదిపితే మాత్రం మడతపడాలి. అంతకంటే బిగిస్తే స్పూల్ అయ్యేటప్పుడు బ్లేడు తన దారి తాను వెతుక్కోలేదు, మోడల్ నేల మీదే గంతులు వేస్తుంది. భద్రత కోసమని బిగించేవాళ్లే ఈ తప్పు ఎక్కువగా చేస్తారు!

బ్లేడ్లను బ్యాలెన్స్ చేయడంలో కూడా ఒక వరస ఉంది. తక్కెడకు వేలాడదీసి తేలికైనదానికి టేపు అంటిస్తే సరిపోదు. ముందు ఒక్కో బ్లేడు బరువు కేంద్రం ఎక్కడుందో కత్తి అంచు మీద నిలబెట్టి గుర్తు పెట్టండి. రెండు గుర్తులూ ఒకే చోట లేకపోతే మొదట్లోనో కొసలోనో టేపు వేసి వాటిని కలపండి. ఆ తర్వాతే తేలిక బ్లేడుకు, సరిగ్గా ఆ గుర్తు మీద టేపు వేసి బరువు సమానం చేయండి. చెక్క బ్లేడ్లు వాడేవాళ్లు వానాకాలం వెళ్లాక మళ్లీ తూచి తీరాలి. బస్తర్ వానల్లో పూత చిరిగిన చెక్క ఒక్కో వైపు ఒక్కోలా తేమ పీలుస్తుంది. ట్రాక్ చూడ్డానికి రెండు బ్లేడ్ల కొసలకు రెండు రంగుల టేపు వేసి హోవర్‌లో చూడాలి, దూరం నుంచి మాత్రమే. 2013 సెప్టెంబరులో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పంతొమ్మిదేళ్ల యువకుడు తన మోడల్ హెలికాప్టర్ రోటర్ తగిలి చనిపోయాడు. అతను ఈ విద్యలో ఆరితేరినవాడు. దగ్గరికి వెళ్లి వంగి చూడాలనిపించినప్పుడల్లా ఇది గుర్తుకు తెచ్చుకోండి.

"ఇంత శ్రమ దేనికి? జైరో చూసుకోదా?" జైరో హెలికాప్టర్ తిరగడాన్ని కొలుస్తుంది, అదురు దానికి అబద్ధపు తిరుగుడులా అనిపిస్తుంది. ఉన్నట్టుండి తోక పక్కకు జరగడం, స్టిక్ ముట్టకుండానే ముక్కు వంగడం ఈ అబద్ధాల ఫలితమే కావచ్చు. కింద మెత్తటి టేపు వేస్తే జైరోకు ఆ రొద తక్కువగా వినిపిస్తుంది. బేరింగ్ మాత్రం అరుగుతూనే ఉంటుంది. ఇలాంటిదే ఇంకో ఊరట ఉంది. హెడ్ స్పీడ్ ఒక వంద పెంచితే అదురు మాయమవుతుంది, సమస్య తీరిందని సంబరపడతాం. నిజానికి జరిగింది ఏమిటంటే, తోక బూమో స్కిడ్లో సహజంగా అదిరే వేగం దగ్గర నుంచి మనం తప్పుకున్నాం. దోషం ఉన్న చోటే ఉంది. ఈ తేడా తెలుసుకోవడానికి హెడ్ స్పీడ్‌ను మెట్లు మెట్లుగా మార్చి చూడండి. వేగంతో పాటు అదురు పెరుగుతూ పోతే బ్యాలెన్స్ దోషం. ఒకచోట ఎగసి ఆపై తగ్గితే ఏదో ఒక భాగం ఆ వేగానికి స్పందిస్తోంది. దాన్ని గట్టిపరచండి, కానీ మూలం కోసం వెతకడం మానకండి. తోక సెకనుకు నాలుగైదు సార్లు నిదానంగా ఊగుతుంటే మాత్రం జైరో గెయిన్‌ను అనుమానించండి, ఎందుకంటే అంత నెమ్మదిగా తిరిగే షాఫ్టు మీ మోడల్‌లో లేదు. అంకె తెలిసినందువల్ల విప్పనవసరం లేనిదాన్ని విప్పకుండా ఆగడం కూడా సాధ్యమవుతుంది.

ఎగరేయడానికి వెళ్లే ముందు, ఎక్కడ ఎగరేయవచ్చో చూపించే డిజిటల్ స్కై మ్యాపు చూడండి. 2021 డ్రోన్ నిబంధనలు మోడల్ విమానాలకు కూడా వర్తిస్తాయి, జగదల్‌పూర్ విమానాశ్రయం దగ్గరలోనే ఉంది, ప్లాంటు పరిసరాలు వేరే సంగతి. భద్రతా బలగాలు తిరిగే జిల్లాలో స్థానిక పోలీసులకు ముందుగా ఒక మాట చెప్పడం మంచిది.

మరి అదురు ఎంతకు తగ్గితే చాలు? సున్నాకు తగ్గదు. రెండు బ్లేడ్ల రోటర్ ముందుకు ఎగిరేటప్పుడు చుట్టుకు రెండుసార్లు కొద్దిగా కుదపడం దాని స్వభావం, 80 దగ్గర చిన్న గీత చూసి బెంగ పడకండి. ప్లాంటు యంత్రాలకు ఐఎస్ఓ ప్రమాణాలు ఎ నుంచి డి దాకా హద్దులు గీసి ఇస్తాయి. మీ మోడల్‌కు అలాంటి పట్టిక లేదు, అది బాగా ఎగిరిన రోజు రీడింగే దానికి ప్రమాణం. కాబట్టి ఇవాళ అంతా సవ్యంగా ఉంటే ఇవాళే రికార్డు చేసి పెట్టుకోండి. తేదీ, హెడ్ స్పీడ్, బ్లేడ్ల రకం, ఫోను ఎక్కడ పెట్టారన్నది ఫైలు పేరులోనే రాయండి. నెల తర్వాత అదే హెడ్ స్పీడ్‌తో, ఫోను అదే చోట పెట్టి మళ్లీ తీయండి. 40 దగ్గరి గీత అలాగే ఉండి 180 దగ్గరిది ఒక్కటే లేచిందా? మెయిన్ రోటర్ జోలికి పోకండి. తోక షాఫ్టు తీసి అద్దం మీద దొర్లించండి, అది నిటారుగా ఉంటే తోక గ్రిప్పుల బేరింగులు చూడండి, ఆర్డరు ఏమైనా పెట్టాలంటే ఆ తర్వాతే పెట్టండి.